కొనవలెనా, ఆగవలెనా?

హైదరాబాదు నుండి పడమరగా బీజాపూరుకు పోయే రోడ్డు మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగుతుంది. మన్నెగూడ వరకు గల ఈ దారి తొమ్మిది వందలకు పైబడిన మర్రిచెట్లకు పేరు పొందినది. చుట్టుపట్ల పల్లెల్లో క్యారెట్టు, టమాటా, ఆకుకూరలు, బంతి, చామంతి, గులాబీ పండుతవి. రాత్రివేళ బయలుదేరిన కూరగాయలు తెల్లవారేసరికి నగరంలోని బజార్లకు, పూలు గుడిమల్కాపూరు మార్కెట్టుకు చేరుతవి. నగరానికి ఇంత దగ్గరగా ఉండి కూడా ఇక్కడి జీవనం ఇప్పటికీ కార్తెల లెక్కనే నడుస్తున్నది.

ఒక మే నెల చివర, రైతుల మాటలు రికార్డు చేసుకొనే పని మీద చేవెళ్ల దగ్గరి ఒక పల్లెకు వెళ్లాను. రోహిణి ఎండలు మండిపోతున్నవి. పని ముగించి రికార్డరు సర్దుకొంటుండగా ఒక రైతు వచ్చి పక్కన కూర్చున్నారు. వాన ఎప్పుడు పడుతుందని అడుగుతారేమో అనుకొన్నాను. ఆయన అడిగింది వేరు.

"సారూ, మా బిడ్డ ఇంజనీరింగు చదువుతనంటున్నది. ల్యాప్‌టాపు కావాల్నట. దుకాణంల అడిగితే ఇప్పుడే తీసుకపొమ్మంటరు. బిడ్డేమో జూన్ల కొత్తవి దిగుతయట, ఆగుదాం నాయినా అంటది. ఎవరి మాట ఇనాలె?"

అప్పటికేదో చెప్పి వచ్చాను గాని, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. మొయినాబాదు చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు అనేకం ఉన్నవి. వాటిలో చేరబోయే పిల్లల ఇళ్లలో ప్రతి వేసవిలోనూ ఇదే మాట నలుగుతూ ఉంటుంది. ఒక పంట మీద మిగిలిన డబ్బు మొత్తం ఒక్క యంత్రానికి పోయే ఇళ్లవి. ఒకసారి పొరపాటు పడితే నాలుగేళ్ల చదువు పొడవునా దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది. కాబట్టి ఆ 'జూన్ల కొత్తవి' అనే మాట ఎక్కడ పుట్టింది, అందులో నిజమెంత, దానిని నమ్ముకొని ఆగవచ్చునా అనే సంగతి కొంత వివరంగా చెప్పుకొందాము.

మొదట జూన్ సంగతి. అమెరికాలోని ఆపిల్ కంపెనీ వారు ఏటా 'వరల్డ్‌వైడ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్' అనే సమావేశం జరుపుతారు. 2007 నుండి అది ఏటా జూన్ నెలలోనే జరుగుతూ వచ్చింది. 2021లో 7వ తేదీన, 2022లో 6న, 2023లో 5న, 2024లో 10న, 2025లో 9న ఆరంభమయింది. అంటే ఇంచుమించు మన మృగశిర కార్తె ప్రవేశించే రోజులే. మైక్రోసాఫ్టు కంపెనీ వారి 'బిల్డ్' అనే సమావేశం 2023, 2024, 2025 సంవత్సరాలలో మే నెలలో జరిగింది. తైవాన్ రాజధాని తైపే నగరంలో 'కంప్యుటెక్స్' అనే పెద్ద ప్రదర్శన కూడ ఈ మే, జూన్ నెలలలోనే వస్తుంది. ఇట్లా ఈ కాలమంతా కంప్యూటరు లోకానికి జాతర కాలం. జాతరకు ముందు కబుర్లు పుట్టడం సహజమే.

అయితే ఈ డెవలపర్ల సమావేశం ఎవరి కోసమో గుర్తుంచుకోవలసి ఉన్నది. డెవలపర్లంటే కంప్యూటరుకు కావలసిన ప్రోగ్రాములు రాసేవారు. రాబోయే సంవత్సరంలో కంప్యూటరును నడిపే మూల వ్యవస్థ ఎట్లా మారబోతున్నదో వారికి ముందుగా తెలియాలి. తెలిస్తేనే తమ ప్రోగ్రాములను దానికి తగినట్లు సవరించుకోగలరు. సమావేశం పుట్టింది అందుకు. కొత్త యంత్రాలు అక్కడికి అప్పుడప్పుడు వచ్చే అతిథులు మాత్రమే.

మరి యంత్రాల ఆశ అక్కడ ఎందుకు పుట్టినట్లు? దానికి కారణం లేకపోలేదు. కంప్యూటరుకు గుండెకాయ వంటిది ప్రోసెసరు అనే చిప్పు. ప్రతి జాతి చిప్పుకూ దాని ఆజ్ఞల భాష వేరు. ఒక జాతి చిప్పు కోసం తయారైన ప్రోగ్రామును మరొక జాతి చిప్పు నేరుగా చదువలేదు. కాబట్టి కంపెనీ తన చిప్పు జాతిని మార్చదలచినప్పుడు ముందుగా చెప్పవలసింది ప్రోగ్రాములు రాసేవారికే. 2005 జూన్ 6న ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ తమ మాక్ కంప్యూటర్లు ఇకపై ఇంటెల్ చిప్పులతో వస్తవని చెప్పినదీ, 2020 జూన్ 22న అదే కంపెనీ ఇంటెల్‌ను విడిచి తన సొంత చిప్పులకు మారుతున్నానని చెప్పినదీ ఈ సమావేశంలోనే. ఇంతటి వార్తలు విన్న చోట మళ్లీ అంతటివి వినవలెనని జనం కాచుకొని ఉండడం వింత కాదు.

ఒకప్పుడు ఇటువంటి నిరీక్షణ అవసరమే ఉండేది కాదు. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 అనే కంప్యూటరును అమ్మిన రోజులలో కొనేవారు విశ్వవిద్యాలయాలూ, పరిశోధనాలయాలూ. వారు తమ అవసరం చెప్పి, యంత్రం చేయించుకొనేవారు. కంప్యూటరు అంగడి సరుకయి, ఏటేటా కొత్త రకం రావడం మొదలయిన తరువాతనే 'ఇప్పుడు కొననా, వచ్చే దానికి ఆగనా' అనే సందేహం పుట్టింది.

ఈ సందేహం కంపెనీలను ఎంత భయపెడుతుందో తెలిపే ఒక కథ ఉన్నది. ఆడమ్ ఆస్‌బర్న్ అనే ఆయన 1981లో చేత పట్టుకొని పోగలిగిన కంప్యూటరును అమ్మకానికి తెచ్చాడు. బరువు సుమారు 11 కిలోలు, తెర అయిదంగుళాలు, వెల 1,795 డాలర్లు. నేటి ల్యాప్‌టాపుకు పూర్వీకులలో అదొకటి. ఈయన తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణ మహర్షి భక్తుడు. తిరువణ్ణామలైలో నివసించి మహర్షిని గురించి గ్రంథాలు రచించినవాడు. ఆడమ్ బాల్యం కొంత మన దక్షిణ దేశంలోనే గడిచింది; 2003లో కొడైకెనాల్‌లోనే ఆయన కన్నుమూశాడు. 1983లో ఈయన కంపెనీ, ఇంతకంటె మంచి రకం త్వరలో తెస్తున్నామని ముందుగా చెప్పింది. ఆ మాట విన్న జనం ఉన్నదానిని కొనడం మానారు. కొత్తదేమో ఇంకా చేతికి రాలేదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. పతనానికి ఇతర కారణాలు కూడ ఉన్నవని తరువాతివారు వాదించారు గాని, ముందుగా నోరు జారితే గోదాములోని సరుకు కుళ్లిపోతుందనే పాఠం మాత్రం వ్యాపారులందరికీ మిగిలింది. నాటి నుండి కంపెనీలు రాబోయేవాటి విషయం గుట్టుగా ఉంచుతున్నవి. గుట్టు ఉన్న చోటనే ఊహాగానం పుడుతుంది.

అట్లాగని ఈ ఊహాగానాలన్నీ గాలి కబుర్లు అనుకోరాదు. వాటికి నాలుగు ఊటలు ఉన్నవి.

మొదటిది కర్మాగారాలు. ఒక కంప్యూటరు బజారుకు రావడానికి చాలా నెలల ముందే తెరలు, బ్యాటరీలు, చిప్పులు తయారు కావాలి. ఇవి తైవాన్, చైనా, కొరియా దేశాలలోని వేర్వేరు కంపెనీలలో తయారవుతవి. మన రంగారెడ్డి జిల్లాలోని కొంగరకలాన్‌లో కూడ ఫాక్స్‌కాన్ కంపెనీ కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. ఇంతమంది చేతుల మీదుగా నడిచే పని పూర్తిగా దాగదు. ఏ భాగానికి ఎంత ఆర్డరు వచ్చిందో ఆరా తీసి, దాని నుండి రాబోయే యంత్రాన్ని ఊహించే విశ్లేషకులు ఉన్నారు. తైవాన్‌కు చెందిన మింగ్-చీ కువో ఈ పనిలో ప్రసిద్ధుడు.

రెండవది ప్రభుత్వ దస్త్రాలు. మన దేశంలో ల్యాప్‌టాపులు అమ్మాలంటే భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం ఈ ఏర్పాటు వచ్చింది. ఇతర దేశాలలోనూ ఇటువంటి నిబంధనలే ఉన్నవి. ఈ దస్త్రాలలో ఎవరికీ తెలియని కొత్త నంబరొకటి కనబడితే యంత్రం ప్రయాణమై వస్తున్నదని అర్థం.

మూడవది ప్రోగ్రాములే. కొత్త వ్యవస్థలను పరీక్ష కోసం ముందుగా విడుదల చేసినప్పుడు, ఇంకా పుట్టని యంత్రాల పేర్లు వాటి లోపల ఎక్కడో చిక్కుకొని ఉంటవి. వాటిని ఏరి తీసేవారు ఉన్నారు.

నాలుగవది దుకాణం. ఉన్న రకం సరుకు పలచబడి, డబ్బు కట్టిన తరువాత మూడు నాలుగు వారాలకు గాని ఇవ్వలేమని చెప్పడం మొదలయితే, దాని స్థానంలో కొత్తది రాబోతున్నదని అనుమానించవచ్చును. అయితే సరుకు కొరత వల్ల కూడ ఇట్లా జరుగుతుంది. అది ఈ ఊట లోపం.

ఈ నాలుగూ కాక అయిదవ రకం మరొకటి ఉన్నది. దానికి ఊట ఏదీ లేదు. ఒకరు అన్నమాటను పది మంది తిప్పి తిప్పి చెప్పడమే. మన చేతిలోని ఫోనులో రోజూ వినబడే కబుర్లలో ఎక్కువ భాగం ఈ జాతివే. ఊరిలో ఏదైనా వార్త పుడితే 'నీకెవరు చెప్పిన్రు?' అని అడిగే పెద్దలు ఉంటారు. ఇక్కడా అదే ప్రశ్న అడుగవలెను. మొదట చెప్పినదెవరు? చూసి చెప్పాడా, విని చెప్పాడా?

ఇంతవరకు బాగుగానే ఉన్నది. మరి నిజమైన ఊట గల కబురయితే నమ్మి ఆగవచ్చునా? ఇక్కడ 2021 నాటి ఉదంతం మనకు చాలా ఉపయోగిస్తుంది.

ఆ ఏడు ఏప్రిల్‌లో తైవాన్‌లోని క్వాంటా అనే కంపెనీ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడ్డారు. ఆపిల్ వారికి ల్యాప్‌టాపులు తయారుచేసి ఇచ్చే కంపెనీ అది. రాబోయే మాక్‌బుక్ ప్రో నమూనా చిత్రాలు కొన్ని ఆ దొంగల చేతికి చిక్కి బయటపడినవి. తీసివేసిన కొన్ని సదుపాయాలు, అంటే టీవీకి తగిలించే హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము, కెమెరా కార్డు పెట్టే చీలిక, అయస్కాంతంతో అతుక్కొనే చార్జరు, ఇవన్నీ తిరిగి వస్తున్నవని వాటివల్ల తెలిసింది. ఇంతకంటె బలమైన ఆధారం ఏముంటుంది? జూన్ సమావేశంలో ఆ యంత్రం ఖాయమని చాలామంది రాశారు. జూన్ 7 వచ్చింది. సమావేశం జరిగింది. యంత్రం మాట ఎవరూ ఎత్తలేదు. అది అక్టోబరు 18న వచ్చింది. వచ్చినప్పుడు చూస్తే, చిత్రాలలో ఉన్న సదుపాయాలన్నీ ఉన్నవి.

అంటే సంగతి నిజం, సమయం తప్పు. ఊహాగానాల స్వభావమంతా ఈ ఒక్క ఉదంతంలో ఉన్నది. యంత్రం ఎట్లా ఉండబోతున్నదో దాని భాగాలే చెప్పగలవు. ఎప్పుడు బయటికి వస్తుందో చెప్పడానికి భాగాలు చాలవు. చిప్పుల దిగుబడి, ఓడల రాకపోకలు, పాత సరుకు నిల్వ, కంపెనీ లెక్కలు ఇవన్నీ కలిసి ఆ తేదీని నిర్ణయిస్తవి. ఆ తేదీ కంపెనీలో కూడ చివరి దాకా కదులుతూనే ఉంటుంది.

చేవెళ్ల రైతుకు ఈ తేడా కొత్తగా చెప్పనక్కరలేదు. వాతావరణ శాఖ వారు ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర మరొకసారి వానాకాలం ఎట్లా ఉండబోతుందో చెబుతారు. మొత్తం మీద ఎంత వాన అనేది వారు అంచనా వేస్తారు. మీ చేనిలో ఏ రోజున పడుతుందో ఆ అంచనాలో ఉండదు. 2023లో రుతుపవనాలు కేరళను తాకినది జూన్ 8న, 2025లో మే 24న. రెండింటికీ నడుమ పదిహేను రోజుల తేడా. అందుకే అనుభవం గల రైతు కబురు వినగానే విత్తనం చల్లడు. దుక్కి సిద్ధం చేసుకొని ఉంటాడు. నేల తడిసిన తరువాత చల్లుతాడు.

ఇక లెక్క చూద్దాము. 2014 నుండి 2025 వరకు ఆపిల్ వారి జూన్ సమావేశాలు పన్నెండు జరిగినవి. వాటిలో అమ్మకానికి ఉద్దేశించిన కొత్త మాక్ కంప్యూటర్లను ప్రకటించినవి 2017, 2019, 2022, 2023 సంవత్సరాలలో మాత్రమే. పన్నెండింటిలో నాలుగన్నమాట. 2020లో చిప్పుల మార్పు ప్రకటించారు గాని, ఆ చిప్పు గల మొదటి కంప్యూటర్లను చూపించినది నవంబరు 10న. ఆ నాలుగింటిలో కూడ ప్రకటించిన రోజునే అన్నీ అంగడికి రాలేదు. 2019 జూన్‌లో చూపిన మాక్ ప్రో డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. 2022 జూన్‌లో చూపిన మాక్‌బుక్ ఎయిర్ జూలై మధ్యలో వచ్చింది. విద్యార్థులు ఎక్కువగా కోరే ఈ ఎయిర్ రకమే 2024లోనూ, 2025లోనూ మార్చి నెలలో మారింది. జూన్‌తో దానికి నిమిత్తం లేకపోయింది.

మైక్రోసాఫ్టు సంగతి కొంత భిన్నం. హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల 2014లో ఆ కంపెనీ అధిపతి అయిన సంగతి శ్రోతలకు తెలిసినదే. 2024 మే 20న, బిల్డ్ సమావేశానికి ముందు రోజున, ఆయన 'కోపైలట్ ప్లస్' అనే కొత్త తరగతి కంప్యూటర్లను ప్రకటించారు. ఈ తరగతికి 16 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ, కృత్రిమ మేధ పనుల కోసం ప్రత్యేకమైన చిప్పు భాగము ఉండితీరవలెనని నియమం పెట్టారు. యంత్రాలు జూన్ 18న, చెప్పిన రోజునే, అంగడికి వచ్చినవి. అయితే వాటితో పాటు ఎంతో గొప్పగా చెప్పిన 'రికాల్' అనే సదుపాయం, అంటే తెర మీద జరిగినదంతా గుర్తుపెట్టుకొని అడిగినప్పుడు వెతికి చూపేది, వాటితో రాలేదు. మనిషి రహస్యాలకు భంగమని ఆక్షేపణలు రావడంతో దానిని ఆపి, సవరించి, 2025 ఏప్రిల్‌లో గాని అందరికీ ఇవ్వలేదు. కనుక వేదిక మీద చెప్పిన మాటకూ, చేతికి వచ్చిన వస్తువుకూ నడుమ ఒక ఏడాది కూడ గడవవచ్చును. ప్రకటననే ఇంత జాగ్రత్తగా తీసుకోవలసి ఉండగా, ప్రకటనకు ముందటి పుకారును ఎంత జాగ్రత్తగా తీసుకోవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆగడం వల్ల నష్టమేమిటని ఎవరైనా అడుగవచ్చును. మొయినాబాదులో నాకు తెలిసిన ఒక యువకుడు పెళ్లిళ్లకు వీడియోలు తీసి, వాటిని కూర్చి ఇచ్చే పని చేస్తాడు. 2024 మే నెలలో అతని కంప్యూటరు మొరాయించసాగింది. ఆ నెలలోనే ఎం4 అనే కొత్త చిప్పు ఐప్యాడ్‌లో వచ్చింది. ఇక జూన్‌లో అదే చిప్పు ల్యాప్‌టాపులలో వస్తుందని అతడు నిశ్చయించుకొన్నాడు. సమావేశంలో యంత్రాలేవీ ఉండవని బాధ్యత గల విలేఖరులు ఆ ఏడు ముందుగానే రాశారు. కాని మనకు నచ్చిన కబురే మన చెవిన పడుతుంది. జూన్‌లో ఏమీ రాలేదు. ఇంతవరకు ఆగినవాడిని ఇంకొక నెల ఆగలేనా అనుకొన్నాడు. శ్రావణం పెళ్లిళ్లు వచ్చినవి. పాత యంత్రంతో గడువుకు పని ముగించలేక, ఒప్పుకొన్న పనులలో కొన్ని పొరుగువారికి ఇచ్చివేయవలసి వచ్చింది. ఎం4 చిప్పు గల మాక్‌బుక్ ప్రో అక్టోబరు 30న ప్రకటితమయింది. కొత్త యంత్రం నిజంగానే మంచిదని అతడే చెబుతాడు. 'కానీ సార్, దాని మీద చేయవలసిన పెళ్లిళ్లు అయిపోయినయి' అంటాడు.

ఆగి లాభపడినవారు లేరని కూడ అనను. 2024 మార్చిలో ఎం3 చిప్పు గల మాక్‌బుక్ ఎయిర్ మన దేశంలో 1,14,900 రూపాయల వద్ద మొదలయింది. మరుసటి మార్చిలో ఎం4 చిప్పుతో వచ్చినది 99,900 రూపాయలకే మొదలయింది. పదిహేను వేల రూపాయల భేదం చిన్నది కాదు. అయితే ఈ లాభం పొందినవాడు ఒక ఏడాది పాటు కంప్యూటరు లేకుండా గడపగలిగినవాడు. పని నిలిచిపోయేవాడు ఆగితే నష్టం, పని మొదలు కానివాడు ఆగితే లాభం. ఇందులో పుకారుకు చోటే లేదు.

ఇక మన రైతు ఇంటి సంగతికి వద్దాము. ఆ అమ్మాయి చదువు ఎప్పుడు మొదలవుతుంది? తెలంగాణలో ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష మే నెల ప్రాంతంలో జరుగుతుంది. కౌన్సెలింగు 2024లో జూలై మొదటి వారంలో, 2025లో జూన్ చివరి వారంలో మొదలయింది. మొదటి విడత సీట్లు జూలైలో కేటాయించారు. అంటే ఏ కళాశాలలో, ఏ శాఖలో సీటు వస్తుందో తెలిసేటప్పటికి జూన్ సమావేశం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. కొత్తవి వచ్చినవా రాలేదా అనేది అప్పటికి ఊహ కాదు, వార్త. కాబట్టి మే నెలలో దుకాణదారు తొందరపెట్టినా కొననక్కరలేదు. పుకార్లు విని ఆరాటపడనూ అక్కరలేదు.

పైగా శాఖ తెలియకుండా యంత్రం కొనడమే పొరపాటు. సివిల్ ఇంజనీరింగులో వాడే ఈట్యాబ్స్, మెకానికల్‌లో వాడే సాలిడ్‌వర్క్స్ వంటి ప్రోగ్రాములు విండోస్ వ్యవస్థ మీదనే నడుస్తవి. ఆ శాఖలో చేరిన పిల్లకు ఎంత కొత్త మాక్ కొనిచ్చినా ఇబ్బందే. కంప్యూటరు సైన్సులో చేరినవారికి రెండు రకాలూ పనికివస్తవి. ఏది కొన్నా 16 జీబీ మెమరీ ఉండేట్లు చూడడం మంచిది. మాక్‌లలోనూ, ఇతర కంపెనీల పలుచని ల్యాప్‌టాపులు అనేకంలోనూ మెమరీని లోపలే అతికించివేస్తారు; తరువాత పెంచుకొనే వీలు లేదు. మిక్కిలి బరువైన గణనకు సొంత యంత్రమే ఉండవలెనని కూడ లేదు. చేవెళ్లకు పొరుగున, షాబాద్ మండలం చందనవెల్లిలో అమెజాన్ వారి డేటా సెంటర్ ఉన్నది. హైదరాబాదు పరిసరాలలో నెలకొల్పిన ఇటువంటి కేంద్రాలతో వారు 2022 నవంబరులో సేవలు ఆరంభించారు. అటువంటి చోట ఉన్న యంత్రాల శక్తిని ఇంటి నుండి అద్దెకు వాడుకొనే పద్ధతి నేడు విద్యార్థులకు కూడ అందుబాటులో ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి మిగిలింది. జూన్ సమావేశంలో చేవెళ్ల ఇల్లు శ్రద్ధగా వినవలసిన వార్త వేరే ఉన్నది. కొత్త యంత్రం ఏది వచ్చిందనే దానికన్న, ఉన్న యంత్రాలలో ఏది ఎన్నాళ్లు బ్రతుకుతుందనేది మనకు ఎక్కువ అవసరం. 2025 జూన్ సమావేశంలో కొత్త కంప్యూటరు ఒక్కటీ రాలేదు. పుకార్ల కోసం చూసినవారు నిరాశతో లేచిపోయారు. కాని ఆ సమావేశంలోనే, ఆ ఏటి టాహో అనే వ్యవస్థ ఇంటెల్ చిప్పులున్న మాక్‌లకు చివరిదని కంపెనీ వారు చెప్పారు. దాని భావమేమిటి? చవకగా వస్తున్నదని అటువంటి పాత మాక్‌ను కొన్నవారికి నాలుగేళ్ల చదువు పూర్తి కాకముందే కొత్త వ్యవస్థలు రావడం ఆగిపోతవి. మైక్రోసాఫ్టు వారు కూడ విండోస్ 10కి సాధారణ సహాయాన్ని 2025 అక్టోబరు 14తో ముగించారు. తరువాతిదైన విండోస్ 11ను చాలా పాత యంత్రాలు స్వీకరించవు. సెకండ్ హ్యాండ్ బజారులో ఇటువంటివి తక్కువ ధరకు కుప్పలుగా దొరుకుతవి. చేతిలో కొద్ది డబ్బు ఉన్న తండ్రి మోసపోయేది అక్కడనే. పశువుల సంతలో కోడెను కొనేవాడు ముందు పండ్లు చూస్తాడు. కంప్యూటరుకు పండ్లు లేవు గాని, దాని వ్యవస్థకు సహాయం ఎప్పటి వరకని అడిగితే వయస్సు తెలుస్తుంది.

మొయినాబాదు మండలంలోనే చిలుకూరు బాలాజీ దేవాలయం ఉన్నది. విదేశీ చదువుల వీసా కోరి యువకులు వచ్చి పదకొండు ప్రదక్షిణలు చేస్తారు; కోరిక తీరిన తరువాత నూట ఎనిమిది చేస్తారు. అయితే మొక్కుకొన్నవారెవరూ దరఖాస్తు నింపడం మానరు, పరీక్షకు చదవడం మానరు. నిరీక్షణ అంటే అట్లా ఉండవలెను.

ఆ రైతు మళ్లీ కనబడితే చెప్పవలసిన జవాబు నాకిప్పుడు తెలుసు. "పెద్దమనిషీ, దుకాణదారు తొందరా వద్దు, పుకారు ఆశా వద్దు. సీటు వచ్చి, శాఖ తెలిసిన తరువాత, ఆ రోజున అంగడిలో ఉన్న వాటిలో మీ బిడ్డ చదువుకు తగినదీ, నాలుగేళ్లు సహాయం అందేదీ చూసి కొనండి. కొన్న మరునాడు అంతకన్న మంచిది వచ్చిందని విన్నా బాధపడకండి. అటువంటి కబురు ఏటా వస్తూనే ఉంటుంది."

వచ్చే మే నెలలోనూ వస్తుంది. అప్పటికి ఆ అమ్మాయి ఇంజనీరింగు చదువుతూ ఉంటుంది.